పాత కంప్యూటరు - పూర్వజన్మ వాసనలు

ఏటా ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో నార్త్ యార్క్‌కు కొత్త ముఖాలు వస్తాయి. ఫించ్ ఎవెన్యూ మీది సెనెకా న్యూన్‌హాం ప్రాంగణంలోను, కీల్ వీధిలోని యార్క్ విశ్వవిద్యాలయంలోను చేరడానికి వచ్చే విద్యార్థులలో తెలుగువారూ ఉంటారు. అద్దె గది, చలికోటు, బస్సు కార్డు సమకూర్చుకున్న తరువాత వారికి వెంటనే కావలసినది కంప్యూటరు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కనుక, ముందే స్థిరపడిన కుటుంబాల ఇళ్ళలో మూలనపడిన ల్యాప్‌టాపులు ఈ దినాలలో చేతులు మారుతుంటాయి. మరికొన్ని సెలవులకు స్వదేశం వెళ్ళేవారి పెట్టెలలో చేరి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మేనల్లుడి బల్ల మీదికి ప్రయాణం కడతాయి. వస్తువు వృథా కాకుండా మరొకరికి అక్కరకు రావడం మెచ్చదగిన విషయమే.

ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడాలలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "అన్నీ తీసేసి ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చేశాం." ఈ మాటతో ఇచ్చేవారు తమ బాధ్యత తీరిందనుకుంటారు. పుచ్చుకునేవారు నిశ్చింత పొందుతారు. తెర మీద కొత్త యంత్రంలో వలెనే స్వాగతవచనం కనిపిస్తుంది. పాత యజమాని పేరు గాని, ఛాయాచిత్రాలు గాని, ఉత్తరాలు గాని కానరావు. యంత్రానికి పునర్జన్మ లభించిందనే అనిపిస్తుంది.

జీవుడు ఒక దేహాన్ని విడిచి మరొక దేహంలో ప్రవేశించినా పూర్వజన్మ వాసనలు వెన్నంటి వస్తాయని పెద్దలు చెబుతారు. మనుష్యుల సంగతి ఎలా ఉన్నా, కంప్యూటర్ల విషయంలో ఇది అక్షరాలా సంభవమే. యంత్రాన్ని మొదటి స్థితికి తీసుకురావడం ఒక పని. అందులోని జ్ఞాపకాలను తుడిచివేయడం మరొక పని. ఈ రెండూ ఒకటేనని భావించడం వల్ల కలిగిన అనర్థాలు కెనడాలోనే అధికారికంగా నమోదై ఉన్నాయి. ఆ భేదమేమిటో, పాత కంప్యూటరును ఇచ్చేవారు, తీసుకునేవారు ఏయే జాగ్రత్తలు వహించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కర్మాగారపు స్థితి అంటే ఏమిటి?

కంప్యూటరు కర్మాగారం అనే మాట నార్త్ యార్క్‌కు కొత్తది కాదు. డాన్ మిల్స్ రోడ్డు, ఎగ్లింటన్ ఎవెన్యూ కలిసే చోట 1950ల ఆరంభంలో ఐ.బి.ఎం. కెనడా తన కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ ఉత్పత్తి విభాగమే 1994లో సెలెస్టికా అనే అనుబంధ సంస్థగా రూపొంది, 1996లో ఐ.బి.ఎం. చేతుల నుండి వేరొకరికి అమ్ముడుపోయింది. నార్త్ యార్క్ 1998 జనవరి 1న టొరాంటో మహానగరంలో విలీనం కావడానికి ముందే, ఈ ప్రాంతంలో కంప్యూటరు పరిశ్రమకు ఒక తరానికి పైబడిన చరిత్ర ఉండేది.

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పుడు "మొదటి స్థితికి తేవడం" అనే సమస్యే లేదు. యంత్రాన్ని మేలుకొలిపే చిన్న ప్రోగ్రాము ఒక చిప్పులో శాశ్వతంగా ముద్రితమై ఉండేది. దాన్ని నడిపించే డాస్ అనే నిర్వహణ వ్యవస్థ ఫ్లాపీ మీద ఉండేది. ఫ్లాపీ చెడితే మరొకటి పెట్టుకోవడమే. ఆ తరువాత హార్డ్ డిస్కు ప్రతి యంత్రంలోను భాగమైంది. నిర్వహణ వ్యవస్థ, ప్రోగ్రాములు, యజమాని దస్తావేజులు అన్నీ ఆ ఒక్క పళ్ళెం మీదనే కాపురం పెట్టాయి. ఇక్కడి నుండే చిక్కు మొదలైంది.

1990లలో తయారీదారులు యంత్రంతో పాటు "రికవరీ" సి.డి.లు ఇచ్చేవారు. కాలక్రమాన ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి, హార్డ్ డిస్కులోనే ఒక రహస్యపు గదిని కేటాయించి, అందులో వ్యవస్థ ప్రతిని దాచి ఉంచే పద్ధతి వచ్చింది. 2012లో విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ పనిని నిర్వహణ వ్యవస్థలోనే అంతర్భాగం చేసింది. విండోస్ 10, 11లలో "రీసెట్ దిస్ పీసీ" అనే పేరుతో కనిపించేది ఇదే. వీటన్నిటి లక్ష్యం ఒక్కటే: చెడిపోయిన వ్యవస్థను తొలగించి మంచి ప్రతిని తిరిగి ప్రతిష్ఠించడం. అనగా ఇది ప్రధానంగా మరమ్మతు ప్రక్రియ. జ్ఞాపకాల నిర్మూలనం దీనికి తరువాత వచ్చి చేరిన అదనపు బాధ్యత మాత్రమే.

చెరిపినది ఎక్కడికి పోతుంది?

గ్రామాలలో భూములకు అడంగల్ లేదా పహాణీ ఉంటుంది. ఏ సర్వే నంబరులో ఎవరి సాగు, ఏ పంట అనేది అందులో రాసి ఉంటుంది. ఎవరైనా ఆ పుస్తకంలో ఒక పద్దును కొట్టివేసినంత మాత్రాన పొలంలోని పంట మాయం కాదు. ఎవరో వచ్చి దున్ని మరొక పంట వేసేవరకు ఆ పైరు అక్కడే నిలిచి ఉంటుంది. హార్డ్ డిస్కు సంగతీ ఇంతే. డిస్కులో దస్తావేజులు ఒక చోట, వాటి చిరునామాల పట్టిక మరొక చోట ఉంటాయి. "డిలీట్" అనే ఆజ్ఞ ఇచ్చినప్పుడు కంప్యూటరు పట్టికను మాత్రమే సవరిస్తుంది. దస్తావేజును తాకదు.

డాస్ కాలంలో ఇది మరీ స్పష్టంగా కనిపించేది. ఒక ఫైలును చెరిపితే, పట్టికలో దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక సంకేతం చేరేది. ఆ స్థలం ఖాళీ అని గుర్తు పడేది. అంతే. 1982లో పీటర్ నార్టన్ వెలువరించిన నార్టన్ యుటిలిటీస్ అనే ప్రోగ్రాముల సంపుటి ఖ్యాతి పొందినది ఇటువంటి ఫైళ్ళను బతికించగలగడం వల్లనే. 1991లో వచ్చిన డాస్ 5లో మైక్రోసాఫ్ట్ సంస్థే "అన్‌డిలీట్" అనే ఆజ్ఞను చేర్చింది. పోయిన మొదటి అక్షరమేమిటో యజమాని చెబితే చాలు, ఫైలు తిరిగి వచ్చేది!

"ఫార్మాట్" అనే మాట వినగానే డిస్కు సమూలంగా శుభ్రమవుతుందని చాలామంది నమ్మకం. అది కూడా పూర్తిగా నిజం కాదు. పాత విండోస్‌లలో హార్డ్ డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు కొత్త పట్టిక తయారయ్యేది, చెడిపోయిన భాగాల కోసం డిస్కు పరీక్షింపబడేది. అంతకుముందున్న సమాచారం మాత్రం అధికభాగం అలాగే మిగిలేది. విండోస్ విస్టా నుండి మాత్రమే పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు రాయడం మొదలుపెట్టింది. "క్విక్ ఫార్మాట్" అనేది ఇప్పటికీ పట్టికను మార్చి ఊరుకుంటుంది. కొన్ని సెకన్లలో ముగిసే పని కొన్ని వందల గిగాబైట్లను తుడిచివేయలేదన్న ఇంగితం ఇక్కడ ఉపకరిస్తుంది.

మూడు ఉదంతాలు

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరీక్షించినవారిలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ప్రముఖులు. వారు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉండగా 2000-2002 సంవత్సరాల మధ్య 158 పాత హార్డ్ డిస్కులను బజారులో కొన్నారు. అందులో 129 పనిచేసేవి. వాటిలో సక్రమంగా శుభ్రం చేసినవి కేవలం 12. మిగిలినవాటిలో వైద్య సంబంధమైన ఉత్తరాలు, క్రెడిట్ కార్డు నంబర్లు, వ్యక్తిగత లేఖలు దొరికాయి. ఒక డిస్కు ఒకప్పుడు బ్యాంకు ఏ.టి.ఎం.లో పనిచేసినదని కూడా తేలింది. 2003లో ప్రచురితమైన ఈ పరిశోధన పలువురి కళ్ళు తెరిపించింది. ఆ డిస్కులలో కొన్నింటిని యజమానులు ఫార్మాట్ చేసి కూడా ఉన్నారన్నది ముఖ్యంగా గమనింపదగిన విషయం. వారు నిర్లక్ష్యం చేయలేదు. చేసిన పని చాలునని నమ్మారు.

రెండవ ఉదంతం కెనడాది. దేశవ్యాప్తంగా దుకాణాలున్న స్టేపుల్స్ బిజినెస్ డిపో సంస్థ, కొనుగోలుదారులు తిరిగి ఇచ్చిన ల్యాప్‌టాపులు, యు.ఎస్.బి. డిస్కులు, మెమరీ కార్డులను శుభ్రపరచి, మొదటి స్థితికి తెచ్చి, మళ్ళీ అమ్మేది. ఆ విధానం పై 2004, 2008లలో వచ్చిన ఫిర్యాదులను కెనడా ప్రైవసీ కమిషనరు కార్యాలయం విచారించింది. తరువాత కమిషనరు జెన్నిఫర్ స్టోడార్ట్ ఆధ్వర్యంలో తనిఖీ జరిగి, 2011 జూన్‌లో నివేదిక వెలువడింది. శుభ్రపరచినట్లు చెప్పబడిన 149 ఉపకరణాలను పరీక్షించగా 54 వాటిలో పాత కొనుగోలుదారుల సమాచారం మిగిలే ఉంది. అంటే మూడింట ఒక వంతుకు మించి! అందులో సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు, ఆరోగ్య కార్డు నంబర్లు, పాస్‌పోర్టు నంబర్లు, బ్యాంకు వివరాలు, ఆదాయపు పన్ను పత్రాలు, విద్యార్థుల మార్కుల జాబితాలు కూడా ఉన్నాయి. అనుభవజ్ఞులైన సిబ్బంది ఉన్న దుకాణాలలోనే ఇలా జరిగినప్పుడు, ఇంట్లో తీరిక వేళ ఒక బొత్తాము నొక్కి ఊరుకున్నవారి పరిస్థితి ఊహించుకోవచ్చు.

మూడవది కంప్యూటరుకు సంబంధించినది కాదు గాని, ఈ భేదాన్ని అంతకంటె చక్కగా చెప్పేది మరొకటి లేదు. 2005లో టొరాంటో వీధులలో సెప్టెంబరు 11 నాటి దుర్ఘటన గురించిన చిత్రీకరణ జరిగింది. ఆనాటి దృశ్యానికై వీధిలో కాగితాలు వెదజల్లారు. తీరా చూస్తే అవి ఒక పరీక్షా కేంద్రానికి చెందిన రోగుల నిజమైన వైద్య పత్రాలు. పత్రాలను చింపివేయడానికని పంపిస్తే, అవి పునర్వినియోగానికై ఇచ్చిన కాగితాల గుట్టలో చేరి, చేతులు మారి వీధికెక్కాయి. ఒంటారియో సమాచార కమిషనరు ఆన్ కవూకియన్ ఈ విషయంలో జారీ చేసిన ఉత్తర్వు, 2004 నాటి ఆరోగ్య సమాచార చట్టం కింద వెలువడిన మొట్టమొదటి ఉత్తర్వు. పునర్వినియోగం వేరు, విధ్వంసం వేరు. కాగితానికైనా, కంప్యూటరుకైనా ఈ వివేకమే ప్రధానం.

దుకాణాల మీద, ఆసుపత్రుల మీద ఇటువంటి కమిషనర్ల పర్యవేక్షణ ఉంది. ఒక కుటుంబం తన పాత యంత్రాన్ని పొరుగువారికి ఇచ్చుకున్నప్పుడు ఆ పర్యవేక్షణ ఏదీ ఉండదు. కెనడాకు వచ్చి ఏళ్ళు గడిచిన ఒక తెలుగు కుటుంబపు కంప్యూటరులో వలస పత్రాలు, పన్ను పత్రాలు, ఇంటి ఋణపు కాగితాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు - ఒక మనిషి పేరుతో మరొకరు చలామణీ కావడానికి కావలసినదంతా - ఒకే చోట ఉంటుంది. కనుక జాగ్రత్త పడవలసిన బాధ్యత ఆ ఇంటివారిదే.

డిస్కు మారింది, పద్ధతి మారాలి

తిరిగే పళ్ళాలున్న పాత హార్డ్ డిస్కును శుభ్రం చేయడం నిజానికి సులభం. డిస్కు అంతటా ఒక్కసారి కొత్త అంకెలు రాస్తే సరిపోతుంది. ముప్పై అయిదు సార్లు రాయాలన్న ప్రచారం ఒకటి ఉంది. అది 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన ప్రసిద్ధ పరిశోధన పత్రం నుండి వచ్చింది. ఆయన చెప్పినది ఆనాటి రకరకాల డిస్కులన్నిటికీ వర్తించేలా కూర్చిన జాబితా. ఆధునిక డిస్కులకు అన్ని సార్లు అవసరం లేదని తరువాత ఆయనే వివరించారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2014లో సవరించిన మార్గదర్శకాలు కూడా అటువంటి డిస్కులకు సాధారణంగా ఒక్కసారి రాయడం చాలునన్నాయి.

ఇప్పటి ల్యాప్‌టాపులలో ఎక్కువగా ఉండేవి ఎస్.ఎస్.డి.లు. వీటిలో తిరిగే భాగాలు లేవు. సమాచారం చిప్పులలోని కణాలలో నిలుస్తుంది. ఒక్కొక్క కణం పై ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉన్నందువల్ల, అరుగుదల అన్నిటికీ సమంగా ఉండేలా ఆ డిస్కు తనకు తానే స్థలాలు మారుస్తుంటుంది. యజమాని "అదే చోట" రాశాననుకున్నది వాస్తవంలో మరొక చోట పడుతుంది. పాత ప్రతి కొంతకాలం మరుగున మిగిలి ఉండవచ్చు. 2011లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి డిస్కులను విప్పి చిప్పులను నేరుగా చదివి చూశారు. ఒక్కొక్క ఫైలును విడిగా తుడిచే పద్ధతులేవీ వాటి పై నమ్మదగినవిగా తేలలేదు. డిస్కులోనే ఉండే శుభ్రపరచే ఆజ్ఞను సైతం కొన్ని తయారీలు సరిగా అమలు చేయలేదు. ఒక డిస్కయితే పని పూర్తయిందని చెప్పి, సమాచారాన్నంతా అలాగే ఉంచుకుంది.

దీనికి విరుగుడు గుప్తీకరణ. డిస్కులోని సమాచారమంతా మొదటి నుండీ రహస్య లిపిలో ఉంటే, దానిని విప్పే తాళపుచెవిని నాశనం చేసినంతనే మిగిలినదంతా అర్థం లేని అంకెల గుట్ట అవుతుంది. పైరు పొలంలోనే ఉన్నా అది ఎవరికీ అక్కరకు రాదు. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా "డివైస్ ఎన్‌క్రిప్షన్" అనే పేరుతో ఈ సదుపాయం ఉంటుంది. ఇటీవలి మ్యాక్ యంత్రాలలో ఇది పుట్టుకతోనే ఉంది. 2021 నాటి మాంటెరీ వ్యవస్థ నుండి వాటిలో "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" అనే ఒక్క ఆజ్ఞతో ఆ తాళపుచెవి నశిస్తుంది. ఫోన్ల విషయంలోను ఇదే పాఠం. 2015లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్యాక్టరీ రీసెట్ చేసిన 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లను పరీక్షించి, పాత సమాచారపు శకలాలను తిరిగి రాబట్టారు. గుప్తీకరణ ప్రామాణికమైన తరువాత వచ్చిన ఫోన్లలో ఈ భయం చాలావరకు తగ్గింది.

ఇచ్చేవారు చేయవలసినవి

మొదటిది, భద్రపరచుకోవడం. చెరపడానికి ముందు దాచుకోవలసినవి వేరే డిస్కు మీదికి ఎత్తుకోవాలి. ఒక ప్రతి చాలదు, రెండు ఉండాలి. ఎత్తుకున్న ఫైళ్ళు మరొక యంత్రంలో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్న తరువాతే ముందుకు సాగాలి. ఛాయాచిత్రాలు గుర్తుంటాయి గాని, ఉత్తరప్రత్యుత్తరాల దస్త్రాలు, బ్రౌజరులో నిలవ ఉన్న సంకేతపదాలు, పన్ను ప్రోగ్రాముల ఫైళ్ళు మరుగున పడిపోతాయి. కెనడా పన్నుల శాఖ నియమం ప్రకారం ఆదాయపు పన్ను కాగితాలు సంబంధిత సంవత్సరాంతం నుండి ఆరేళ్ళ పాటు అందుబాటులో ఉంచుకోవాలన్నది మరువరాదు.

రెండవది, తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు. 1990లలోను, ఆ తరువాత చాలాకాలం వరకును తెలుగు రాతలో అధికభాగం అను వంటి ప్రత్యేక ఫాంట్లతో సాగింది. కంప్యూటరు లోపల నిలిచేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటు. కర్మాగారపు స్థితికి మార్చగానే ఆ ఫాంటు మాయమవుతుంది. తాతగారి జ్ఞాపకాలు, పెళ్ళి శుభలేఖ, వెనుకటి సంచికలకు రాసిన వ్యాసం - ఫైలు భద్రంగా ఉన్నా, తెరిచి చూస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస కనిపిస్తుంది. దాచుకున్నామనుకున్నది దక్కకుండా పోవడానికి ఇంతకంటె విచారకరమైన మార్గం లేదు.

కనుక యంత్రం పనిచేస్తుండగానే అటువంటి దస్తావేజులను పి.డి.ఎఫ్.గా మార్చుకోవాలి. ఫాంటు ఫైళ్ళను కూడా పక్కనే దాచుకోవాలి. వీలైతే యూనికోడులోకి మార్చి, మూల ప్రతిని సైతం ఉంచుకోవాలి. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు యంత్రంతో పాటే రావడం మొదలైంది. యూనికోడులో రాసినవాటికి ఈ ప్రమాదం లేదు. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, అనగా ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును పలికించే రీతిలో, రాసుకున్న పాత రాతలు కూడా ఏ యంత్రంలోనైనా చదవవచ్చు. అందానికి ఫాంట్లు ముందుండగా, ఆయుష్షుకు ఈ సాదా రాతే నిలిచింది.

మూడవది, యంత్రంతో ఉన్న బంధుత్వాలు తెంచుకోవడం. మైక్రోసాఫ్ట్ లేదా యాపిల్ ఖాతా నుండి ఆ యంత్రాన్ని తొలగించాలి. యాపిల్ యంత్రాలలో "ఫైండ్ మై" సదుపాయాన్ని ఆపకుండా ఇచ్చివేస్తే, అది పాత యజమాని సంకేతపదం అడుగుతూ కొత్త యజమానికి పనికిరాకుండా పోతుంది.

నాలుగవది, గుప్తీకరణ లేని విండోస్ యంత్రమైతే, ముందు దానిని అమలులోకి తెచ్చి, డిస్కు అంతటికీ వర్తించేవరకు వేచి ఉండటం. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల పునరుద్ధరణ సంకేతం ఆ యంత్రంలో కాక వేరే చోట ఉండాలి.

అయిదవది, అసలు ప్రక్రియ. విండోస్‌లో రీసెట్ మొదలుపెట్టగానే రెండు మార్గాలు కనిపిస్తాయి. "కీప్ మై ఫైల్స్" అనేది మరమ్మతుకు మాత్రమే. ఇతరులకు ఇచ్చేటప్పుడు "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకోవాలి. అక్కడితో ఆగక, సెట్టింగులను మార్చే అవకాశం వచ్చినప్పుడు "క్లీన్ డేటా" అనే దానికి అంగీకారం తెలపాలి. తనంత తానుగా అది అమలులో ఉండదు. దీనిని ఎంచుకుంటే పని కొన్ని నిమిషాలలో కాక, డిస్కు పరిమాణాన్ని బట్టి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ కాలహరణమే అసలైన శుభ్రతకు గుర్తు. ఇది గృహావసరాలకు ఉద్దేశించినదే గాని ప్రభుత్వ, పారిశ్రామిక ప్రమాణాలకు సరిపోయేది కాదని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతోంది. అందువల్ల ఆసుపత్రి, కార్యాలయ పత్రాలు చూసిన యంత్రాన్ని ఆయా సంస్థల నిపుణులకే అప్పగించడం క్షేమం.

పని ముగిసి, దేశమో భాషో ఎంచుకోమని అడిగే తెర కనిపించగానే యంత్రాన్ని ఆపివేయాలి. తరువాతి అడుగులు కొత్త యజమానివి.

తీసుకునేవారు చూసుకోవలసినవి

కొనేవారికి తమ వంతు పరీక్షలు ఉన్నాయి. డబ్బు చేతులు మారకముందే యంత్రాన్ని నడిపించి చూడాలి. పాత యజమాని ఖాతా గాని, ఏదైనా కంపెనీ పేరు గాని, తెర వెలగకముందే సంకేతపదం గాని అడిగితే అటువంటిది తీసుకోకపోవడమే మేలు. కంపెనీ నమోదులో ఉన్న యంత్రం ఎన్నిసార్లు రీసెట్ చేసినా మళ్ళీ ఆ కంపెనీ పేరే చెబుతుంది. అది నిజంగా అమ్మకానికి వచ్చినదో, దొంగిలించబడినదో కొనేవారికి తెలియదు.

అమ్మినవారు రీసెట్ చేశామని చెప్పినా, కొన్నవారు తామే వ్యవస్థను మళ్ళీ ప్రతిష్ఠించుకోవడం ఉత్తమం. అనుమానాస్పదమైన ప్రోగ్రాములు పాత డిస్కులో దాగి ఉండవచ్చు. అధికారిక మూలం నుండి దింపుకున్న వ్యవస్థను 8 గిగాబైట్ల యు.ఎస్.బి. కడ్డీ మీద సిద్ధం చేసి, పాత విభాగాలన్నీ తొలగించి, కొత్తగా స్థాపించుకోవాలి. లైసెన్సు గురించి సాధారణంగా దిగులు అక్కరలేదు. విండోస్ 8 కాలం నుండి, విండోస్‌తో అమ్ముడైన యంత్రాలలో దాని సంకేతం మదర్‌బోర్డులోని చిప్పులోనే నిక్షిప్తమై ఉంటుంది. అంతకుముందు అది యంత్రం అడుగున అతికించిన చీటీ మీద ఉండేది.

ఇంత చేసినా రీసెట్‌కు అందని చోటు ఒకటుంది. అది యంత్రాన్ని మేలుకొలిపే చిప్పు. అందులో తిష్ఠవేసే లోజాక్స్ అనే దుష్ట ప్రోగ్రామును 2018లో ఈసెట్ సంస్థ పరిశోధకులు వెలికితీశారు. డిస్కు మార్చినా అది పోదు. ఇది సామాన్య గృహస్థులకు ఎదురయ్యేది కాదు గాని, తయారీదారు ఇచ్చే తాజా ఫర్మ్‌వేరును ఆ చిప్పులోకి ఎక్కించుకోవడం మంచి అలవాటు.

మరొక సంగతి. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది; పొడిగింపు పథకంలో చేరినవాటికి మాత్రమే ఆ తరువాత కొంతకాలం సవరణలు అందుతాయి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పుతో పాటు ఇంచుమించు 2018 తరువాతి ప్రాసెసరు ఉండాలి. అందువల్ల చవకగా దొరికే పాత యంత్రాలు నిజంగా చవకైనవో కావో కొనేముందే ఆలోచించుకోవాలి. లినక్స్ నేర్చుకునే ఓపిక ఉన్న విద్యార్థికి అటువంటివి ఇప్పటికీ పనికివస్తాయి.

ఒకవేళ కొన్న యంత్రంలో పరాయివారి కాగితాలు కనిపిస్తే? పొరపాటున మన ఇంటి పెట్టెలో పడిన పొరుగువారి ఉత్తరాన్ని విప్పి చదవడం మర్యాద కాదు. ఇదీ అంతే. ఇచ్చినవారికి తెలియజేసి, వారికి కావలసినవి అందజేసి, మిగిలినది పూర్తిగా తుడిచివేయడం ఉచితమైన పని.

మరమ్మతుకు అందని యంత్రం

తెర వెలగని యంత్రంలో రీసెట్ చేయడం కుదరదు. యంత్రం చనిపోయినా డిస్కు బతికే ఉండవచ్చు. దానిని విప్పి వేరొక కంప్యూటరుకు తగిలిస్తే అన్నీ చదవవచ్చు. కాబట్టి ముందు డిస్కును బయటికి తీయాలి. పళ్ళెం డిస్కయితే చాలా చోట్ల రంధ్రాలు వేయాలి, ఎస్.ఎస్.డి. అయితే ప్రతి చిప్పూ పగిలేలా చూడాలి. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. మిగిలిన యంత్రాన్ని చెత్తబుట్టలో పడవేయరాదు. టొరాంటో నగరపాలక సంస్థ ఎలక్ట్రానిక్ వస్తువులను విడిగా స్వీకరిస్తుంది. నార్త్ యార్క్‌లో ఇంగ్రామ్ డ్రైవ్‌లోని కేంద్రం అటువంటిదే.

పనిచేసే యంత్రాలకు మరొక సత్కార్యం ఉంది. కెనడాలో 1993లో ఆరంభమైన "కంప్యూటర్స్ ఫర్ స్కూల్స్" పథకం పాత కంప్యూటర్లను బాగుచేసి పాఠశాలలకు అందిస్తూ వచ్చింది. టొరాంటోలోని రీబూట్ కెనడా వంటి సేవాసంస్థలు కూడా ఇటువంటి కృషి చేస్తున్నాయి. భయం వల్ల పాత యంత్రాలను అటకెక్కించడం ఎవరికీ ఉపకరించదు. సరిగా శుభ్రం చేసి దానం చేయడం ఇచ్చేవారికి క్షేమం, పుచ్చుకునేవారికి లాభం.

ఇల్లు అలకగానే పండుగ కాదన్నది తెలుగువారి పాత సామెత. ఫ్యాక్టరీ రీసెట్ అనేది ఇల్లు అలకడం వంటిది. దాచుకోవలసినవి దాచుకున్నామా, చెరపవలసినవి నిజంగా చెరిగాయా, అక్షరాలు చదవదగినట్లే ఉన్నాయా అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతే ఆ యంత్రాన్ని కొత్త ఇంటికి సాగనంపవచ్చు. ఇందుకు పట్టేది ఒక శనివారపు మధ్యాహ్నం మాత్రమే.